పది సెకన్ల లెక్క

1987లో ఇ-మ్యూ అనే అమెరికన్ కంపెనీ ఎస్‌పీ-1200 అనే పెట్టెను మార్కెట్లోకి తెచ్చింది. పాత రికార్డులోంచి ఒక ముక్క శబ్దాన్ని పట్టి దాచుకుని, మీట నొక్కినప్పుడల్లా తిరిగి వినిపించే యంత్రం అది. దాని జ్ఞాపకశక్తి మొత్తం పది సెకన్లు. ఒక్కో ముక్క రెండున్నర సెకన్లు దాటకూడదు. నిమిషానికి 90 దెబ్బల వేగంతో నడిచే పాటలో నాలుగు దెబ్బల ఆవర్తం ఒకటి పూర్తవడానికి రెండున్నర సెకన్ల కంటే కాస్త ఎక్కువే పడుతుంది. అంటే ఒక్క ఆవర్తం కూడా ఒక ముక్కలో పట్టదు.

న్యూయార్క్ కుర్రాళ్ళు దీనికి ఉపాయం కనిపెట్టారు. 33 వేగంతో తిరగాల్సిన ఎల్పీ రికార్డును 45 మీద తిప్పి, గబగబా పరిగెత్తే ఆ శబ్దాన్ని యంత్రంలోకి ఎక్కించి, లోపలికి వెళ్ళాక వేగం తగ్గించేవారు. అదే చోటులో దాదాపు మూడోవంతు ఎక్కువ శబ్దం పట్టేది. వేగం తగ్గినప్పుడు ధ్వని కాస్త గరుకు తేలేది. ఆ గరుకుదనాన్ని వాళ్ళు లోపమనుకోలేదు. ఎనభైల చివర, తొంభైల మొదట్లో వచ్చిన న్యూయార్క్ హిప్ హాప్‌కు అదే గొంతయింది.

మన సినిమా వాడుకలో ప్రొడ్యూసర్ అంటే డబ్బు పెట్టే నిర్మాత. హిప్ హాప్‌లో ఆ పేరు బీట్ కట్టేవాడిది. ర్యాపర్ మాటల కింద నడిచే డ్రమ్ము, బేసు, బాణీ, వాటి మధ్య వదిలిన ఖాళీ, అన్నీ అతని చేతి పనే. ఏ కంపెనీలోనూ జీతం లేకుండా, సొంతంగా బీట్లు కట్టి అమ్ముకుని బతికేవాళ్ళు ఇవాళ దేశదేశాల్లో ఉన్నారు. వాళ్ళ విద్యను దగ్గరగా చూసినకొద్దీ నాకు ఒకటే అనిపిస్తుంది: ఇది మొదటినుంచీ లెక్క తెలిసినవాళ్ళ విద్య. తాళం లెక్క తప్పితే పాట చెడుతుంది. వాటాల లెక్క తప్పితే మనిషి చితికిపోతాడు. ఈ రెండు లెక్కలూ ఒకే చేతిలో ఉండాలి.

టికెట్టు పెట్టిన పార్టీ

1973 ఆగస్టు 11. న్యూయార్క్ బ్రాంక్స్‌లో 1520 సెడ్జ్‌విక్ అవెన్యూ అనే అపార్ట్‌మెంట్ల భవనం. సిండీ క్యాంప్‌బెల్ అనే అమ్మాయి, బడి తెరిచేలోగా కొత్త బట్టలు కొనుక్కోవడానికి డబ్బు కావాలని, కింది హాల్లో పార్టీ పెట్టింది. ఆడపిల్లలకు 25 సెంట్లు, మగపిల్లలకు 50 సెంట్లు. రికార్డులు వేసింది ఆమె అన్న క్లైవ్. కుటుంబం జమైకా నుంచి వచ్చింది. అతన్నే లోకం డీజే కూల్ హెర్క్ అంటుంది. హిప్ హాప్ పుట్టినరోజుగా చెప్పుకునే ఆ రాత్రి ఒక పిల్ల బట్టల ఖర్చు కోసం మొదలైందన్న సంగతి మరిచిపోకూడదు. ఈ కళ పుట్టుకలోనే బతుకుతెరువు ఉంది.

హెర్క్ గమనించింది చిన్న విషయం. పాటలో గొంతులు, బాకాలు ఆగిపోయి డ్రమ్ములు మాత్రమే వినిపించే కొన్ని క్షణాలుంటాయి. దాన్ని బ్రేక్ అంటారు. నాట్యం చేసేవాళ్ళు ఆ క్షణాల కోసమే కాచుకుని ఉంటున్నారు. అతను ఒకే రికార్డు ప్రతులు రెండు పెట్టుకుని, ఒకదాని మీద బ్రేక్ అయిపోగానే రెండోదాని మీద మళ్ళీ మొదలుపెట్టాడు. కొన్ని సెకన్ల ముక్క నిమిషాల తరబడి సాగింది. ఎలక్ట్రానిక్స్ చదువుకున్న మరో డీజే గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ దాన్ని ఇంకా నిక్కచ్చిగా చేశాడు. రికార్డు మీద క్రేయాన్‌తో గుర్తు గీసి, ఎన్ని చుట్లు వెనక్కి తిప్పితే బ్రేక్ మొదటికి వస్తుందో లెక్కగట్టాడు. దెబ్బ తప్పకుండా అతుకు పడడం అప్పుడే కుదిరింది. ఇవాళ కంప్యూటర్లో 'లూప్' అని ఒక్క నొక్కుతో చేసే పని వెనక అతని వేళ్ళ లెక్క ఉంది.

ముక్కలు చేసి కూర్చడం

బీట్ కట్టే పని వినడంతో మొదలవుతుంది. పాత రికార్డుల దుకాణాల్లో మోకాళ్ళ మీద కూర్చుని, దుమ్ముపట్టిన అట్టపెట్టెలు తిరగేసి, ఎవరూ పట్టించుకోని పాటలో ఎవరూ పట్టించుకోని నాలుగు సెకన్లు వెతకడాన్ని క్రేట్ డిగ్గింగ్ అంటారు. పీట్ రాక్ అనే ప్రొడ్యూసర్ 1992లో టామ్ స్కాట్ రికార్డులోంచి ఒక శాక్సఫోన్ పలుకు తీసి, చనిపోయిన స్నేహితుడి స్మృతిగా ఒక పాట కట్టాడు. మూడు దశాబ్దాలు దాటినా ఆ పలుకు వినగానే హిప్ హాప్ అభిమానుల గుండె బరువెక్కుతుంది. ఆ శాక్సఫోన్ అంతకుముందూ రికార్డులో ఉన్నదే. దాన్ని వినగలిగిన చెవి దొరికేదాకా ఎదురుచూసింది.

తరువాతి మెట్టు ముక్కలు చేయడం, వాళ్ళ మాటలో చాప్. ఎనభైల మధ్యలో క్వీన్స్‌కు చెందిన మార్లే మార్ల్, రికార్డులోని ఒక్క డ్రమ్ము దెబ్బను విడిగా పట్టుకుని, దాన్ని తనకు నచ్చిన వరుసలో మళ్ళీ వాయించుకోవచ్చని గ్రహించాడు. 1988లో రోజర్ లిన్ రూపకల్పనతో అకాయ్ కంపెనీ తెచ్చిన ఎంపీసీ-60 ఆ పనికి పదహారు మెత్తటి చతురస్రాలు ఇచ్చింది. ఒక్కో చతురస్రం కింద ఒక్కో ముక్క. డీజే ప్రీమియర్ లాంటివాళ్ళు ఒక పియానో వాక్యాన్ని ఆరేడు ముక్కలు చేసి, వరుస మార్చి వేళ్ళతో వాయిస్తే, అసలు పాట కట్టినవాడు కూడా ఒక్క క్షణం తడబడేంత కొత్త రాగం పుట్టేది.

ఇక నడక. యంత్రం ప్రతి దెబ్బనూ కచ్చితంగా గీత మీదకు లాగి పెడుతుంది. రోజర్ లిన్ తన యంత్రాల్లో 'స్వింగ్' అనే సదుపాయం పెట్టాడు. జతలో రెండో దెబ్బను కాస్త వెనక్కి జరిపితే తాళానికి ఊగు వస్తుంది. డెట్రాయిట్‌కు చెందిన జె డిల్లా ఇంకా ముందుకు వెళ్ళాడు. యంత్రం దిద్దుబాటును ఆపేసి, కొన్ని దెబ్బలను వేలితోనే కాస్త ముందు, కొన్నిటిని కాస్త వెనక వేశాడు. మన కచేరీల్లో అతీత, అనాగత ఎడుపులని తాళానికి ముందో వెనకో పాట ఎత్తుకునే పద్ధతులున్నాయి. అక్కడ ఆ దూరాన్ని అక్షరాల్లో కొలిచి చెప్పొచ్చు. డిల్లా జరిపిన దూరం ఏ అక్షరానికీ అందదు, ఒంటికి మాత్రమే తెలుస్తుంది. అతని తరువాత చేత్తో డ్రమ్ములు వాయించే కళాకారులే ఆ తడబాటును సాధన చేసి నేర్చుకోవడం మొదలుపెట్టారు. 2006 ఫిబ్రవరి 7న, అతని 32వ పుట్టినరోజు నాడు, 'డోనట్స్' అనే ఆల్బం విడుదలైంది. మూడు రోజులకు అతను కన్నుమూశాడు. అతని ఎంపీసీ-3000 ఇప్పుడు వాషింగ్టన్‌లోని ఆఫ్రికన్ అమెరికన్ చరిత్ర మ్యూజియంలో ఉంది.

వీటన్నిటికంటే కష్టమైనది ఖాళీ వదలడం. ర్యాపర్‌కు పదహారు బార్ల, అంటే పదహారు ఆవర్తాల, చరణం ఇవ్వాలి, మధ్యలో ఎనిమిది బార్ల పల్లవి రావాలి. మంచి మాట పడేచోట డ్రమ్ము ఒక్క దెబ్బ ఆగాలి. తన ప్రతిభంతా ఒకే బీట్‌లో కుక్కేవాడి దగ్గర ర్యాపర్‌కు నిలబడే చోటు దొరకదు. ఇంట్లో అతిథి కూర్చునే కుర్చీ ఖాళీగా ఉంచినట్టు, గొంతు కోసం చోటు ఉంచాలి.

వాయించిన చేతులు

ఈ వైభవం వెనక తీరని బాకీ ఒకటుంది. జేమ్స్ బ్రౌన్ బృందంలో డ్రమ్ములు వాయించిన క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ చేతి పని, 1970లో వచ్చిన 'ఫంకీ డ్రమ్మర్'లోని కొన్ని సెకన్లు, లెక్కలేనన్ని హిప్ హాప్ పాటల్లో మోగింది. పాట హక్కు కాగితాల మీద అతని పేరు లేదు. కూలికి వాయించిన డ్రమ్మర్‌గా మిగిలాడు కాబట్టి ఆ వాడకాల మీద రాయల్టీ రాలేదు. 1969లో ద విన్‌స్టన్స్ అనే బృందం రికార్డు చేసిన ఒక పాటలో గ్రెగరీ కోల్మన్ వాయించిన దాదాపు ఏడు సెకన్ల డ్రమ్ము ముక్క ప్రపంచంలో అత్యధికంగా వాడుకున్న శబ్దాల్లో ఒకటి. అతను 2006లో పేదరికంలో చనిపోయాడు. 2015లో అభిమానులు చందాలు పోగుచేసి 24,000 పౌండ్లు ఆ బృంద నాయకుడు రిచర్డ్ స్పెన్సర్‌కు ఇచ్చారు. వాయించిన చేతికి మాత్రం అది అందలేదు.

1991 డిసెంబరులో న్యూయార్క్ కోర్టు ఒక తీర్పు ఇచ్చింది. గాయకుడు గిల్బర్ట్ ఓ'సల్లివన్ పాట ముక్కను అనుమతి లేకుండా వాడినందుకు ర్యాపర్ బిజ్ మార్కీ ఆల్బం అమ్మకం ఆపేశారు. అప్పటినుంచి ముక్క వాడాలంటే రెండు అనుమతులు తప్పవు: బాణీ హక్కుదారుది ఒకటి, రికార్డింగు హక్కుదారుది ఒకటి. పెద్ద కంపెనీలు ఆ ఖర్చు భరించాయి. గదిలో ఒంటరిగా పనిచేసే కుర్రాడు భరించలేకపోయాడు. ముక్కలను గుర్తుపట్టలేనంత చిన్నవి చేయడం, సొంతంగా బాణీ వాయించుకోవడం, రోలాండ్ టీఆర్-808 యంత్రపు లోతైన డ్రమ్మును పాట శ్రుతికి కలిపి బేసుగా వాడడం, వీటికి గిరాకీ పెరగడంలో చట్టం పాత్ర కూడా ఉంది. ఈ తీర్పు కళను చంపిందనే వాళ్ళున్నారు. కళకు రెక్కలు కత్తిరించిన మాట నిజం. కానీ స్టబుల్‌ఫీల్డ్ కథ తెలిశాక, అనుమతి అడగడం అన్యాయమని నేను అనలేను. అనుమతి రుసుము వాయించినవాడి ఇంటికి చేరకపోవడమే నా బాధ.

రోజు గడిచే దారి

1997లో బెల్జియం కంపెనీ ఇమేజ్-లైన్ తెచ్చిన ఫ్రూటీలూప్స్, ఇప్పటి ఎఫ్ఎల్ స్టూడియో, స్టూడియోను మామూలు కంప్యూటర్లోకి దింపింది. 2008లో మొదలైన బీట్‌స్టార్స్ లాంటి ఆన్‌లైన్ అంగళ్ళు గదిలో కట్టిన బీట్‌ను ప్రపంచం ముందు పెట్టాయి. ఇక్కడ అమ్మకం రెండు రకాలు. మొదటిది లీజు: హక్కు కట్టినవాడి దగ్గరే ఉంటుంది, అదే బీట్‌ను ఎంతమందికైనా ఇవ్వొచ్చు, ఎన్ని ప్రతులు, ఎన్ని వినికిళ్ళు అనే హద్దు ఉంటుంది. రెండోది ఎక్స్‌క్లూజివ్: ఒక్కరికే, ఎక్కువ ధరకు.

2018లో లిల్ నాస్ ఎక్స్ అనే అనామక కుర్రాడు నెదర్లాండ్స్‌కు చెందిన యంగ్‌కియో బీట్‌ను 30 డాలర్లకు లీజుకు తీసుకున్నాడు. ఆ పాట 'ఓల్డ్ టౌన్ రోడ్' 2019లో అమెరికా బిల్‌బోర్డ్ హాట్ 100 పట్టికలో 19 వారాలు మొదటి స్థానంలో నిలిచింది. అందులో నైన్ ఇంచ్ నెయిల్స్ రికార్డు ముక్క ఉంది కాబట్టి ఆ బృందం తరఫున ట్రెంట్ రెజ్నర్, అట్టికస్ రాస్ పేర్లు రచయితల జాబితాలో చేరాయి. 2016లో మొదటి స్థానానికి ఎక్కిన 'పాండా' బీట్‌ను ఇంగ్లండ్‌కు చెందిన మెనేస్ 200 డాలర్లకు అమ్మాడు. ఈ కథలు విని ఈ దారిలోకి వచ్చేవాళ్ళు ఎక్కువ. లాటరీ తగిలినవాడి కథ విని ఇల్లు నడపలేం. 30 డాలర్ల లీజులతో నెలకు 2,000 డాలర్లు రావాలంటే 67 మంది కొనాలి, ప్రతి నెలా.

అందుకే నిలదొక్కుకున్నవాళ్ళు ఒకే కాలువ నీటి మీద ఆధారపడరు. లీజులు కొంత, ఒక ర్యాపర్‌తో కూర్చుని అతనికోసమే కట్టే పని కొంత, ఇతరుల పాటలకు మిక్సింగు కొంత, సొంత డ్రమ్ము శబ్దాలను కట్టలుగా అమ్మడం కొంత, ప్రకటనలకు, సీరియళ్ళకు సంగీతం కొంత. పెద్ద రికార్డు కంపెనీతో ఒప్పందం కుదిరితే ముందుగా అడ్వాన్సు, అమ్మకాల మీద సాధారణంగా మూడు నాలుగు శాతం వాటా వస్తాయి. ఆ వాటాను వాళ్ళు పాయింట్లు అంటారు. అడ్వాన్సు తీరేదాకా పాయింట్ల డబ్బు చేతికి రాదు. వీటికి వేరుగా బాణీ హక్కు ఉంటుంది. మాటలకు సగం, సంగీతానికి సగం అనేది అక్కడి ఆనవాయితీ. పదేళ్ళ తరువాత కూడా చిన్న చిన్న మొత్తాలుగా వచ్చే డబ్బు అదే. చాలామంది యువకులు చేతిలోకి వచ్చే మొదటి చెక్కు చూసి దాన్నే వదులుకుంటారు.

దీనికి మందు స్ప్లిట్ షీట్ అనే ఒక్క కాగితం. పాట పూర్తయిన రోజే, గదిలోంచి ఎవరూ లేవకముందే, ఎవరు ఏం చేశారు, ఎవరికెంత శాతం అని రాసి అందరూ సంతకాలు పెట్టాలి. మొత్తం కూడితే 100 రావాలి. స్నేహితుల మధ్య కాగితమెందుకని మొహమాటపడతారు. పాటకు డబ్బు రాకముందు వాటాలు తేల్చుకోవడం పది నిమిషాల పని. వచ్చాక తేల్చుకోవాలంటే కొన్ని స్నేహాలు మిగలవు.

హైదరాబాద్‌లో, విశాఖలో, డల్లాస్‌లో రాత్రిళ్ళు హెడ్‌ఫోన్లు పెట్టుకుని బీట్లు కట్టే తెలుగు పిల్లలకు ఈ మాట మరీ ముఖ్యం. మన దేశంలో 2012 కాపీరైట్ సవరణ పాటల రచయితకు, సంగీతకర్తకు రాయల్టీలో సమాన వాటా హక్కు ఇచ్చింది. వారసులకు, కాపీరైట్ సొసైటీకి తప్ప ఆ వాటాను ఇంకెవరికీ రాసివ్వడానికి వీల్లేదు. ఆ రాయల్టీని వసూలు చేసి పంచే ఐపీఆర్ఎస్ అనే సంస్థ 1969 నుంచి ఉంది. అందులో సభ్యత్వం తీసుకోవడం కొత్త సాఫ్ట్‌వేర్ ప్లగిన్ కొనడం కంటే ముందు చేయాల్సిన పని.

చోటు చాలని రోజుల్లో ఈ విద్య నేర్చినవాళ్ళు పది సెకన్లలో ఏది దాచుకోవాలో తేల్చుకోవడం నేర్చుకున్నారు. ఇప్పుడు కంప్యూటర్లో చోటుకు కొదవలేదు. దాచుకున్న ప్రతి ముక్క పక్కన దాన్ని వాయించిన మనిషి పేరు కూడా దాచుకోవచ్చు. క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ డ్రమ్ముల ముందు కూర్చున్న రోజున స్ప్లిట్ షీట్ కాగితం ఎవరూ తీయలేదు. ఈ రాత్రి బీట్ కట్టి ఫైలుకు పేరు పెట్టే కుర్రాడు, ఆ పేరు కింద ఇంకో రెండు పేర్లు, వాటి పక్కన రెండు అంకెలు రాసి నిద్రపోతే, ఆ బాకీలో తన వంతు తీర్చినట్టే.