‘ఇచ్చట’ అనగా నెచ్చట?

అమెరికా రచయిత సింక్లెయిర్ లూయిస్ 1935లో ‘ఇట్ కాంట్ హాపెన్ హియర్’ అను నవలను ప్రకటించెను. ‘ఇచ్చట నది జరుగదు’ అని దాని యర్థము. జరుగదని జనులు నమ్మినది నియంతృత్వము. ‘ఇచ్చట’ ననగా అమెరికా. 2016 ఎన్నికల పిమ్మట నీ పుస్తకము మరల విరివిగా నమ్ముడుపోయినది. దానిని జోస్యముగా కొనియాడువారు పెక్కండ్రు. ఆ పొగడ్త నటుంచి, ఈ గ్రంథము దేనిని చూచినదో, దేనిని చూడజాలకపోయినదో విచారింపదలచితిమి.

విండ్రిప్ అను సెనేటరు 1936 ఎన్నికలలో గెలిచి ప్రెసిడెంటగుట కథకు మూలము. అతడు సేనలతో దండెత్తి రాలేదు, వోట్లతో వచ్చినాడు. జనులను నవ్వించును, పేదలకు ధనము పంచెదనని బాస చేయును, పత్రికలను దూషించును. గద్దె నెక్కిన పిదప తన ‘మినిట్ మెన్’ దళములచేత కాంగ్రెసు సభ్యులను నిర్బంధింపజేయును. రచయిత భార్య డొరొతీ థాంప్సన్ 1931లో హిట్లరును స్వయముగా కలిసికొని ప్రశ్నించిన పత్రికారచయిత్రి. 1934లో జర్మనీ ప్రభుత్వ మామెను వెడలగొట్టెను. ఇంట విన్న యా వార్తలకు, లూసియానా రాష్ట్రమును గుప్పిట బెట్టుకొనిన హ్యూయీ లాంగ్ నడవడి తోడై విండ్రిప్ రూపొందెనని చదువరి యిట్టే గుర్తింపగలడు.

అయినను నవలలోని బలము విండ్రిప్ వద్ద లేదు. వెర్మాంటు రాష్ట్రమున నొక చిన్న యూరి పత్రికాసంపాదకుడగు డోరిమస్ జెసప్ ఇంట నున్నది. ఇతడు చదువుకొన్నవాడు, మంచివాడు, కొంత సోమరి. విండ్రిప్‌ను జూచి నవ్వుకొనును. ఊరి పెద్దమనుష్యు లాతని కట్టుదిట్టములను మెచ్చుకొనుచుండ, వాదించి వదలివేయును. న్యాయవాదియైన కొడుకు ఫిలిప్ ప్రభుత్వముతో రాజీపడుమని తండ్రికి హితవు చెప్పును. అల్లుని కాల్చి చంపుదురు. అప్పటికి గాని డోరిమస్‌కు, ఈ దౌర్జన్యమునకు దోవ యిచ్చినవారు తనవంటి పెద్దమనుష్యులే యని తెలిసిరాదు. భోజనపు బల్లవద్ద రాజకీయములు మాటలాడుకొని నిద్రపోవు ప్రతి గృహస్థునకు నీ భాగము గుచ్చుకొనక మానదు. మాకు గుచ్చుకొన్నది.

షాడ్ లెడ్యూ పాత్ర మాత్రము మాకు రుచింపలేదు. ఆ యింట కూలికి కుదిరినవాడు కొత్త ప్రభుత్వమున నధికారియై యజమానినే నిర్బంధించును. వాని పగకు కారణమేమి? మోటుతనము, దుర్బుద్ధి యని తప్ప రచయిత తగినంత విచారించినట్లు తోపదు. పనివాని మనసులో నేమున్నదో యడుగని యిల్లు, నియంతకు సేవకులెట్లు దొరకుదురో చెప్పజాలదు.

దీనికన్న పెద్ద లోపము వేరొకటి. విండ్రిప్ ప్రకటించిన 15 సూత్రములలో, నీగ్రోలకు వోటుండరాదనుట యొకటి. రచయిత దీనిని రాబోవు ఘోరముగా జూపినాడు. కాని దక్షిణ రాష్ట్రములలో నది యప్పటికే జరిగిపోయిన కథ! హ్యూయీ లాంగ్ పుట్టిన లూసియానాలోనే 1896లో 1,30,334 మంది నల్లజాతివారు వోటర్లుగా నమోదై యుండగా, 1904 నాటికి 1,342 మంది మాత్రమే మిగిలిరి. 1898 నాటి రాష్ట్ర రాజ్యాంగము చదువు పరీక్షను, ఆస్తి నియమమును విధించి, 1867కు పూర్వము తండ్రికో తాతకో వోటున్నవారికి మినహాయింపు నిచ్చెను. బానిసల కొడుకులకు, మనుమలకు అట్టి తాత యెక్కడ నుండి వచ్చును? అదే యేడు నార్త్ కెరొలినాలోని విల్మింగ్టన్‌లో తెల్లవారి సాయుధమూక యెన్నికైన నగరపాలకులను దించివేసినది. మినిట్ మెన్ వచ్చుటకు విండ్రిప్ దాకా వేచియుండ నక్కరలేకపోయినది. లూయిస్ చెప్పిన ‘ఇచ్చట’ వెర్మాంటు సంపాదకుని వీథి మాత్రమే.

నేటి భయములను గూర్చియు నిట్లే చూడవలెను. 2021 జనవరి 6న కాంగ్రెసు భవనముపై మూక పడినది. ఆ రాత్రియే సభ మరల కూడి వోట్ల లెక్క ముగించెను. 2024 జూలై 1న సుప్రీముకోర్టు ప్రెసిడెంట్ల యధికారిక చర్యలకు శిక్షాభయము లేకుండ విస్తారమైన రక్షణ గల్పించెను. ఆ నవంబరులో ట్రంపు న్యాయముగనే వోట్లతో గెలిచినాడు. 2025 జనవరి 20న ఆ మూకలోని సుమారు 1,500 మందికి క్షమాభిక్ష పెట్టినాడు. నవలకు నేటికి తేడాలున్నవి: న్యాయస్థానములున్నవి, పత్రికలున్నవి. మన యిండ్ల బిడ్డ లెందరో యక్కడ స్థిరపడియున్నారు గనుక పోలికలు దూరపు వేడుకగా మాకు తోపవు. కాని గద్దె మీది మనిషిని మాత్రమే చూచుచు కూర్చున్నవారు, 2013లో సుప్రీముకోర్టు 1965 నాటి వోటుహక్కు చట్టములోని ముఖ్యభాగమును కొట్టివేసినపు డంతగా నులికిపడలేదు.

కావున లూయిస్ నవలతోపాటు ఫానీ లూ హేమర్ జీవితమును గూడ చదువవలసినదని మా సలహా. మిసిసిపీలో పత్తితోటల పనికత్తె యామె. 1962లో వోటరుగా పేరు వ్రాయించుకొనబోయినందుకు తోటయజమాని యామెను వెడలగొట్టెను. 1964 ఆగస్టులో డెమొక్రాటిక్ పార్టీ మహాసభవద్ద, జెయిలులో తన్ను కొట్టించిన తీరు నామె చెప్పుచుండగా, ప్రెసిడెంటు జాన్సన్ అప్పటికప్పుడు పత్రికలవారిని పిలిపించి టెలివిజను నామెనుండి మరల్చినాడు. ఆ రాత్రి ప్రసారసంస్థ లామె మాటలను మరల వినిపించినవి.