ఫ్రంట్ లోడా, టాప్ లోడా? చెయ్యి ఎవరిది?

మన స్త్రీవాద సాహిత్యం వంటింటిని చదివినంత లోతుగా బట్టలుతికే చోటుని చదవలేదు. విమల 'వంటిల్లు' కవిత తర్వాత పొయ్యి, గిన్నెలు, పోపులడబ్బా మన విమర్శ పదజాలంలో భాగమైపోయాయి. బట్టలబండ, బకెట్టు, దండెం మాత్రం వర్ణనలో వస్తువులుగానే మిగిలాయి. ఇది యాదృచ్ఛికమని నేననుకోను. వంట ఇంట్లో ఆడవాళ్ళు చేసే పని. ఉతుకు చాలాకాలం ఇంకో కులంవాళ్ళ మీద మోపిన పని. రాసే అవకాశం ముందుగా దొరికిన స్త్రీలకి పొయ్యి వున్నంత దగ్గరగా రేవు లేదు.

ఇప్పుడా రేవు యంత్రం రూపంలో ఇంట్లోకొచ్చింది. కాబట్టి దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్.బి.నగర్ దాకా మెట్రో స్తంభాల పక్కన వరసగా వున్న దుకాణాల్లో వినిపించే అమ్మకం మాటల్ని కూడా ఒక పాఠ్యంగా చదవాలనిపించింది. కొన్ని వారాలపాటు కొనడానికే తిరిగాను కాబట్టి ఆ మాటలు నాకు కంఠతా వచ్చాయి. భార్యాభర్తలు కలిసి వెళ్తే మోటారు, వారంటీ, చక్రాల వేగం ఆయనకి చెప్తారు. "మేడమ్, మీరు వంగక్కర్లేదు, మధ్యలో మర్చిపోయిన బట్ట వేసుకోవచ్చు" అని ఆమెకి చెప్తారు. డబ్బు ఎవరిదైనా సరే, యంత్రం ముందు నిలబడేది ఎవరో బిల్లు కట్టకముందే తేలిపోతుంది.

సాంకేతికంగా తేడా చిన్నదేమీ కాదు. టాప్ లోడ్‌లో తొట్టి నిలువుగా వుంటుంది. బట్టలు నీళ్ళలో మునిగి, అడుగున వున్న పళ్ళెం తిరిగినప్పుడు ఒకదానికొకటి రుద్దుకుంటాయి. ఫ్రంట్ లోడ్‌లో డ్రమ్ము అడ్డంగా వుంటుంది. బట్టల్ని పైకెత్తి కిందకి పడేస్తుంది, బండమీద బాదినట్టే. అందుకే తక్కువ నీళ్ళు చాలు, టాప్ లోడ్‌కి పట్టేవాటిలో దాదాపు సగం. ఎక్కువ వేగంతో పిండుతుంది, బట్ట తొందరగా ఆరుతుంది. కానీ ధర ఎక్కువ, సమయం ఎక్కువ. నురగ తక్కువగా వచ్చే పొడే వాడాలి, తలుపు చుట్టూ రబ్బరుని తుడవకపోతే బూజు పడుతుంది. తుడిచేదెవరో ఏ కరపత్రంలోనూ వుండదు.

ఈ లెక్కలన్నీ నల్లా దగ్గర తారుమారవుతాయి. రోజు విడిచి రోజు నల్లా వచ్చి, మిగతాదంతా బోరుమీదో ట్యాంకరుమీదో నడిచే ఇళ్ళు ఇటువైపు తక్కువేం కాదు. బోరునీటి ఉప్పు హీటరు తీగకి పొరకడుతుంది, సబ్బుని నురగ రానివ్వదు. ట్యాంకు కిందే వున్న పై అంతస్తులో ధార సన్నగా వుంటుంది, ఫ్రంట్ లోడ్ నీళ్ళు లేవని ఆగిపోతుంది. తక్కువ నీళ్ళతో పనిచేసే యంత్రం నీళ్ళకి కటకట వున్న ఇంట్లోనే ఇబ్బంది పడడం విచిత్రం. అలాంటి ఇళ్ళలో బకెట్టుతో నీళ్ళు పోసుకోగలిగే సెమీ ఆటోమేటిక్ ఇంకా ఎందుకుందో ఇప్పుడు అర్థమవుతుంది. అందులో ఉతికిన బట్టల్ని ఒక తొట్టిలోంచి తీసి ఇంకో తొట్టిలో వెయ్యాలి. 'సెమీ' అంటే మిగతా సగం ఆమె.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఆ 'మర్చిపోయిన బట్ట'. ఇంట్లో నలుగురూ నాలుగు వేళల్లో సాక్సులూ బనీన్లూ విసిరేస్తారు. వాటిని ఎప్పుడు వేసినా పుచ్చుకునే యంత్రమే 'సౌకర్యం'గా చలామణి అవుతుంది. అంటే ఎవరు ఎప్పుడు పిలిచినా పలికే గృహిణి నమూనాలోనే ఆ మూత తయారైంది. ఫ్రంట్ లోడ్ తలుపు ఒకసారి పడితే మామూలుగా మధ్యలో తెరుచుకోదు. దుకాణంలో దాన్ని లోపంగా చెప్తారు. నాకది హద్దులా కనిపించింది.

అయితే యంత్రం ఆడవాళ్ళ పని తగ్గించిందా? అమెరికా చరిత్రకారిణి రూత్ ష్వార్జ్ కోవన్ 1983లో 'మోర్ వర్క్ ఫర్ మదర్' పుస్తకంలో చూపించింది వేరు. అక్కడ బయటి లాండ్రీలూ చాకలి స్త్రీలూ చేసిన ఉతుకుని యంత్రం తిరిగి ఇంట్లోకి, గృహిణి చేతికి తెచ్చింది. పైగా శుభ్రత ప్రమాణాలు పెరిగాయి, ఉతికే బట్టలూ పెరిగాయి. మన దగ్గర దీనికి కులం తోడైంది. కంచ ఐలయ్య 2009లో వచ్చిన 'పోస్ట్ హిందూ ఇండియా'లో చాకలివాళ్ళ గురించిన అధ్యాయానికి 'సబాల్టర్న్ ఫెమినిస్టులు' అని పేరు పెట్టారు. ఆ కులంలో మగవాళ్ళు కూడా ఆడవాళ్ళ బట్టలు ఉతికారు. కులం బలవంతంగా కట్టిన పనిని ఆదర్శంగా చూపించలేం. కానీ ఉతుకు సహజంగా ఆడపని కాదనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. రేవు దగ్గర లేని లింగభేదం అపార్ట్‌మెంట్ బాల్కనీలో ఎలా వచ్చింది?

ఇంకో స్త్రీని కూడా ఈ బేరంలో మర్చిపోతాం. కొత్తపేటలో ఇళ్ళలో పనిచేసే ఒకామె నాతో అంది: "మిషన్ వచ్చినంక బట్టల పైసలు కట్ చేసిండ్రమ్మా. కాలర్లు మాత్రం నన్నే రుద్దమంటరు." ఒక స్త్రీకి మిగిలిన గంట ఇంకొక స్త్రీ జీతంలోంచి పోయింది. రెండింటినీ ఒకే వాక్యంలో పెట్టలేని స్త్రీవాదం సగమే చూస్తోంది.

2015లో ఏరియల్ 'షేర్ ద లోడ్' ప్రచారం మొదలుపెట్టింది. మరుసటి ఏడాది చిత్రంలో, కూతురు ఇంటికీ ఆఫీసుకీ మధ్య నలిగిపోవడం చూసి తండ్రి సిగ్గుపడతాడు. చిత్రం మంచిదే. కానీ తరాల అన్యాయానికి ప్రాయశ్చిత్తం ఒక మీట నొక్కడంతో తీరిపోతుంది. కేంద్ర ప్రభుత్వ సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసేవాళ్ళలో స్త్రీలు 2019లో రోజుకి 299 నిమిషాలు, 2024లో 289 నిమిషాలు ఆ పనిమీద గడిపారు. మగవాళ్ళు 97 నుంచి 88కి వచ్చారు. ఆమెకి పది నిమిషాలు తగ్గితే అతనికీ తొమ్మిది తగ్గాయి. పని కొంచెం తగ్గిందేమోగానీ వాటా మారలేదు.

ఇంతకీ ఏది కొనాలి? నీళ్ళు బాగా వచ్చి, నల్లాలో ధార వుంటే ఫ్రంట్ లోడ్ కొనండి, కింద ఒక దిమ్మె వేసుకోండి, నడుం మిగులుతుంది. బోరు ఉప్పునీళ్ళయితే, ధార సన్నగా వుంటే టాప్ లోడే నయం. ఈ రెండిట్లో ఏదీ బట్టల్ని డాబామీదికి మొయ్యదు, ఆరెయ్యదు, మడత పెట్టదు, గంజి పెట్టదు. అందుకని దుకాణంలో మూత గురించి అడిగేముందు, ఇంట్లో వాళ్ళందర్నీ కూర్చోబెట్టి ఏ రోజు ఎవరి వంతో అడగాలి. పనిచేసే ఆమె జీతం ఎందుకు తగ్గాలో కూడా అప్పుడే అడగాలి. వచ్చే తరం రచయిత్రులు ఆ బాల్కనీ గురించి రాస్తే, దండెం దగ్గర ఎవరు నిలబడ్డారో ముందుగా చూస్తాను.