పెన్న నడిచిన దారిలో

ప్రయాణమా, నిన్ను తలచుకుంటే నాకు ముందు పెన్నే గుర్తొస్తుంది. కన్నడ సీమలో నందికొండల మీద పుట్టి, అనంతపురం ఎండలకు ఇసుకలో ఇంకి, గండికోట దగ్గర రాతిని కోసి, సోమశిల కొండల్లోంచి బయటపడి, 597 కిలోమీటర్లు నడిచొచ్చి ఊటుకూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. పుట్టినచోటే ఉండిపోతే అదొక కొండమడుగు. నడిచింది గనుక నెల్లూరికి మొలగొలుకుల వడ్లు పండాయి.

ఈ తీరాన నీ అడుగుజాడలు మట్టిలోనూ ఉన్నాయి. పద్దెనిమిదో శతాబ్దం చివర నెల్లూరు దగ్గర దుక్కి దున్నుతున్న రైతుకు నాగటి కింద ఒక కుండ దొరికింది. నిండా రోము బంగారు నాణేలు. ట్రాజన్, హాడ్రియన్ చక్రవర్తుల ముఖాలు పెన్న ఒండ్రులో పదహారు వందల ఏళ్లు నిద్రపోయాయి. ఎవరో దాటిన సముద్రం, ఎవరో అమ్మిన సరుకు!

నువ్వు ఆకలి కడుపున పుట్టిన రోజులూ ఉన్నాయి. 1876-78 ధాతుకరువులో గంజి కోసం వచ్చిన జనం గడ్డపారలు పట్టి తవ్వారు, తట్టలతో మట్టి మోశారు. మద్రాసు దగ్గర 1806లోనే మొదలైన కాలువ ముక్కలకు ముక్కలు కలిసి బకింగ్‌హాం కాలువ అయింది. ఈ కోస్తా ఉప్పూ సరుగుడు కట్టెలూ పడవలకెక్కి మద్రాసు చేరాయి. ఇవాళ పూడిపోయిన ఆ కాలువ గట్టున నిలబడితే నాకు మొదట వినిపించేది సరంగుల పాట కాదు, గడ్డపార చప్పుడు. తాము ఎన్నడూ ఎక్కని పడవలకు దారి తవ్విన ఆ చేతులకు మొక్కకుండా నిన్నెట్లా పొగడను?

ప్రళయకావేరి సరస్సుకు శీతకాలంలో రాజహంసలొస్తాయి. ఆ పక్కనే నేలపట్టు చెరువు నిండితే గూడబాతులు నీళ్లలోని చెట్ల మీద గూళ్లు కట్టుకుంటాయి. వాటి రెట్ట కలిసిన నీళ్లు పారితే మళ్లు బాగా పండుతాయని ఊరివాళ్లంటారు. అందుకే వాటిని చుట్టాల్లా చూసుకుంటారు. వచ్చినవాడు ఊరిని సారవంతం చేసి వెళ్లాలి, అదీ రాక!

ఆ సరస్సుకు అవతల శ్రీహరికోట. 2023 జులై 14న చంద్రయాన్-3 అక్కణ్ణుంచే లేచింది, నలభై రోజులకు చంద్రుడి మీద దిగింది. మనిషి చూపు పోగలిగినంత దూరానికి మన తీరం ఒక రేవు కావడం నాకు గర్వమే. ఆ దీవిలో తరతరాలుగా బతికిన యానాదులను మాత్రం రాకెట్ కేంద్రం కోసం బయటికి తరలించారు. దాన్ని నీ పేరుతో పిలవలేను. వెళ్లడం వేరు, పంపించేయడం వేరు.

ప్రయాణమా, నీ భక్తుల్లో నాకు అందరికన్నా ఇష్టమైనవాడు ఏనుగుల వీరాస్వామయ్య. 1830 మే 18న చెన్నపట్నంలో బయల్దేరి కాశీ చూసి, తిరుగుదారిలో కోస్తా వెంట నెల్లూరు మీదుగా దిగి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. పుణ్యం కోసమే పోయినా ఆయన రాసుకున్నది పుణ్యం లెక్క కాదు. ఏ మజిలీలో బావి నీళ్లు బాగుంటాయి, ఏ ఊళ్లో అంగళ్లున్నాయి, ఏ ఏరు ఎట్లా దాటాలి, ఏ నేల ఏం పండిస్తుంది, అక్కడి జనం ఏ భాష మాట్లాడతారు. దారి పొడుగునా రాసి స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లెకు పంపాడు. వీరాస్వామయ్య పోయాక 1838లో అది పుస్తకమైంది. ఎరగని బాటసారి దాహం గురించి ముందే ఆలోచించాడా మహానుభావుడు!

ఆ కళ్లు మాకూ ఇవ్వు. మైపాడు తీరపు ఇసుకలో ఫోటో దిగి వెనుదిరిగేవాడికి ఆ పక్కపల్లెలో వల బాగుచేసుకుంటున్న మనిషితో రెండు మాటలు మాట్లాడే తీరిక ఇవ్వు. ఆయన “యాడి నుంచి వచ్చినారు సామీ?” అని అడిగితే, ఊరి పేరు చెప్పి ఊరుకోకుండా, ఈ ఏడు వేట ఎట్లా ఉందో అడిగి, ఆ జవాబు పూర్తయ్యేదాకా పక్కన కూర్చునే ఓపిక ఇవ్వు.