అపారదర్శకం అంటే సరిపోతుందా? అరకు శిలల్లోని సల్ఫైడు ఖనిజాలు, తెలుగు వర్ణన

అనంతగిరి, అరకు ప్రాంతాలకు క్షేత్రపర్యటనకు వెళ్లే భూవిజ్ఞాన విద్యార్థులు తప్పకుండా సేకరించే రాయి ఖోండలైట్. కలహండి శిలలను వర్ణిస్తూ టి.ఎల్. వాకర్ 1902లో దానికి ఖోండుల పేరు పెట్టాడు. తెలుగునాట వారే కోదులు. ఆ రాతిముక్క ప్రయోగశాలలో 0.03 మిల్లీమీటర్ల మందపు పలుచని ఛేదంగా మారుతుంది. క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్, గార్నెట్, సిల్లిమనైట్‌లకు వివరమైన వర్ణన దక్కుతుంది. చివర ఒక వాక్యం మాత్రం మిగిలిపోతుంది: అపారదర్శక ఖనిజాలు స్వల్పంగా ఉన్నాయి.

ఈ వాక్యమే ఇక్కడ విమర్శకు విషయం. గ్రాఫైట్, ఇల్మెనైట్, మాగ్నెటైట్ వంటి వాటితో పాటు సల్ఫైడులైన పైరోటైట్, పైరైట్, చాల్కోపైరైట్ కూడా ఆ ఒక్క మాట కిందే అణగిపోతాయి. అపారదర్శకం అన్నది ఖనిజం పేరు కాదు. కింది నుంచి పంపిన వెలుగు పైకి రాలేదన్న సమాచారం మాత్రమే. పరిశీలనకు వాడిన పద్ధతికి ఉన్న పరిమితి ఖనిజ లక్షణంగా నమోదవుతోంది.

ఛేదానికి నునుపు పట్టి పైనుంచి వెలుగు పడేలా చూస్తే ఆ నల్లని మచ్చలు వేరువేరు ఖనిజాలుగా విడిపోతాయి. పైరైట్ లేత పసుపు ఛాయ గల తెలుపులో మెరుస్తుంది. కఠినత 6 నుంచి 6.5 కావడం వల్ల చుట్టూ ఉన్న మెత్తని సల్ఫైడుల కంటే కొంచెం ఎత్తుగా నిలుస్తుంది. ధ్రువణకాలను అడ్డంగా పెట్టి వేదికను తిప్పినా దానిలో చెప్పుకోదగ్గ మార్పు ఉండదు. పైరోటైట్ మీగడ రంగులో, గులాబీ గోధుమ ఛాయతో కనిపిస్తుంది. వేదిక తిరిగే కొద్దీ స్పష్టంగా రంగు మారుస్తుంది. చాల్కోపైరైట్‌ది ఇత్తడి పసుపు. గ్రాఫైట్ రేకులు ఒక దిశలో వెలిగి, మరో దిశలో మసకబారతాయి. ఇన్ని తేడాలను ఒక్క విశేషణంతో సరిపెట్టడం వర్ణన అనిపించుకోదు.

నష్టం వర్ణనకే పరిమితం కాదు. ఖోండలైట్ ఒకప్పటి బంకమన్ను నిక్షేపం. అటువంటి బురదలో సేంద్రియ పదార్థం ఉన్నచోట, సల్ఫేటును క్షయకరించే సూక్ష్మజీవుల వల్ల పైరైట్ ఏర్పడడం సాధారణం. దాదాపు వంద కోట్ల ఏళ్ల కిందట అరకు, అనంతగిరి, పాడేరు శిలల్లో కొన్ని 900 డిగ్రీల సెల్సియస్‌కు మించిన వేడిని చవిచూశాయి. సాధారణ పీడనంలో పైరైట్ సుమారు 743 డిగ్రీల వద్దే గంధకాన్ని వదిలి పైరోటైట్‌గా మారుతుంది. లోతులోని పీడనం ఆ హద్దును కొంత పైకి జరిపినా, ఇంత వేడికి తట్టుకొని నిలవడం కష్టం. కాబట్టి ఈ శిలల్లో పైరోటైట్ అంచున, పగుళ్ల వెంబడి పైరైట్ కనిపిస్తే, అది శిల చల్లారాక వచ్చినదేమో అని ముందుగా అనుమానించాలి. ఏ ఖనిజం ముందు, ఏది తరువాత అన్న ఈ ప్రశ్న అపారదర్శకం అని రాసి వదిలేసినచోట పుట్టనే పుట్టదు.

పాఠ్యరచనలో సల్ఫైడులు లేవని కాదు. రంగు, ద్యుతి, గీటు, కఠినత, ఉపయోగం అనే వరుసలో వస్తాయి. గలీనా సీసానికి, స్ఫాలరైట్ జింకుకు, చాల్కోపైరైట్ రాగికి. పల్నాడులోని అగ్నిగుండాల సీసం, రాగి నిక్షేపాలకు ఈ వరుస పనికొస్తుంది. తవ్వి తీసే విలువ లేని, కంటికి ఆనని అరకు సల్ఫైడు రేణువుల దగ్గర అదే వరుస మూగబోతుంది. ఉపయోగం లేని ఖనిజానికి వర్ణన కూడా అక్కరలేదన్న భావన దాని వెనుక ఉంది.

పదజాలం కొరతను సాకుగా చూపలేం. రసశాస్త్రం తేనె రంగును బట్టి మాక్షికమన్న పేరు పెట్టింది. రసరత్నసముచ్చయం దాన్ని మహారసాల్లో చేర్చింది. హరిదళం, మణిశిల, ఇంగిలీకం మూడూ సల్ఫైడులే. ఆంగ్లపు ఎగతాళిని మక్కికి మక్కి దించి పైరైట్‌ను మూర్ఖుల బంగారం అనేవారికి మాక్షికం గుర్తురాకపోవడం వింతే. అంతకంటే విలువైన మాట అన్నభేది. ఇనుప సల్ఫైడు గాలికి, నీటికి లోనైతే పుట్టే ఫెర్రస్ సల్ఫేటుకు అది పచారీ కొట్టు పేరు. సల్ఫైడు శిథిలమయ్యే తీరును ఊరివారికి చెప్పడానికి తెలుగులో ముందే ఉన్న మెట్టు అది. అయితే కొండల ఎరుపంతా సల్ఫైడుల వల్లనే అనుకోవడం పొరపాటు. ఖోండలైట్ తుప్పురంగులో గార్నెట్‌లోని ఇనుముదే పెద్ద వాటా.

ఈ చర్చ తరగతి గదితో ముగియదు. అనంతగిరి మండలంలోని బొర్రా ప్రాంతపు గనుల కౌళ్లపై వచ్చిన సమత కేసులో సుప్రీంకోర్టు 1997లో తీర్పు ఇచ్చింది. షెడ్యూల్డు ప్రాంతపు ప్రభుత్వ భూమిని గిరిజనేతర ప్రైవేటు సంస్థలకు కౌలుకివ్వడం చెల్లదన్నది. 1996 నాటి పెసా చట్టం ప్రకారం చిన్నతరహా ఖనిజాల కౌలుకు గ్రామసభ లేదా తగిన స్థాయి పంచాయతీ సిఫారసు ముందుగా కావాలి. ఆ సభ ముందుకు వచ్చే శిలానివేదిక తెలుగులో ఏం చెప్పగలదన్నది అసలు ప్రశ్న. రాతిని పగలగొట్టి గుట్ట పోస్తే సల్ఫైడు గాలికి తగిలి ఆమ్లం పుడుతుంది. బొర్రా చలువరాతిలోని కాల్సైట్ ఆ ఆమ్లాన్ని అక్కడికక్కడే విరిచేయగలదు. గ్రాఫైట్ ఉన్న ఖోండలైట్‌కు సాధారణంగా ఆ అండ ఉండదు. పైరోటైట్ పైరైట్ కంటే త్వరగా శిథిలమవుతుంది. అందువల్ల ఏ సల్ఫైడు, ఎంత, ఏ రాతిలో, గార్నెట్ లోపల బందీగా ఉందా, పగుళ్ల వెంబడి నీటికి అందేలా ఉందా అన్నవి నివేదికలో ఉండవలసిన వివరాలు. అపారదర్శక ఖనిజాలు స్వల్పం అని చదివిన సభ్యుడికి వీటిలో ఒక్కటీ తెలియదు. అడగవలసినది ఒకటుందని కూడా తెలియదు.