రొద పేర్చే పని

ఇండస్ట్రియల్ రాక్ పెడితే మా ఇంట్లో ముందు తలుపులు మూస్తారు. వాళ్ళను తప్పుపట్టలేను. కానీ రొదను ఒక పద్ధతిలో పేర్చడం ఎలాగో వినాలనిపిస్తే నేను వెళ్ళేది నైన్ ఇంచ్ నెయిల్స్ 'ది డౌన్‌వర్డ్ స్పైరల్' దగ్గరికే. 1994 మార్చిలో వచ్చిన ఆల్బమ్ అది.

దాని ప్రస్తావన వస్తే చాలు, అందరూ ఇంటి కథ ఎత్తుకుంటారు. నైన్ ఇంచ్ నెయిల్స్‌ను నడిపే ట్రెంట్ రెజ్నర్ లాస్ ఏంజిలెస్‌లో అద్దెకు తీసుకుని స్టూడియో పెట్టుకున్నది 1969లో నటి షారన్ టేట్ హత్య జరిగిన ఇంట్లోనే. అది కాక ఇంకే ఇల్లయినా ఈ ఆల్బమ్‌కు పోయేదేమీ లేదంటాను. విశేషమంతా అక్కడ జరిగిన పనిలో ఉంది. వాయించిన గిటార్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కించి, కోసి, వంచి, అది గిటారో యంత్రమో పోల్చలేనట్టు చేశారు. మొదటి పాటకు ముందు వినపడే దెబ్బలు 'టీహెచ్ఎక్స్ 1138' సినిమాలోవి. 'క్లోజర్' పాటను నడిపే డ్రమ్ము ఇగ్గీ పాప్ పాట 'నైట్‌క్లబ్బింగ్' నుంచి తెచ్చి మార్చుకున్నది.

'మార్చ్ ఆఫ్ ది పిగ్స్'కు తాళం వేసి చూడండి. మూడుసార్లు ఏడు, ఆపైన ఒక ఎనిమిది: మొత్తం 29. మిశ్రచాపు అలవాటున్న చెయ్యి కూడా ఆ ఎనిమిది దగ్గర తడబడుతుంది. అంత వేగంలో పాట టక్కున తెగి, పియానో ఒక్కటే మిగులుతుంది. ఆ నిశ్శబ్దానికి చోటు ముందే లెక్కకట్టి ఉంచారు. కోపంతో అరవడం ఎవరికైనా వస్తుంది. అరుపు ఎక్కడ ఆపాలో తెలియడమే కష్టం. సహ నిర్మాత ఫ్లడ్, మిక్సింగ్ చేసిన అలన్ మోల్డర్ కూడా ఈ లెక్కలో భాగస్వాములే.

బిల్‌బోర్డ్ పట్టికలో ఆల్బమ్ నేరుగా రెండో స్థానంలో దిగింది. తర్వాత అనుకరించినవాళ్ళలో చాలామంది రొదను తీసుకున్నారు, ఓపికను వదిలేశారు.

చివరి పాట 'హర్ట్'ను 2002లో జానీ క్యాష్ పాడాడు. రొదంతా తీసేసి, గిటార్, పియానో, వణికే ముసలి గొంతు. అయినా పాట నిలబడింది. ఆ హోరు కింద అంత గట్టి బాణీ ఉందని చాలామందికి అప్పుడే తెలిసింది.

కొత్తగా వినేవాళ్ళు క్యాష్ పాటతో మొదలుపెట్టి, తర్వాత ఆల్బమ్ మొత్తం వరసగా వినండి. హెడ్‌ఫోన్స్ తప్పనిసరి.