పది మిల్లీవోల్టుల తూకం

కిరాణా కొట్టులోని ఎలక్ట్రానిక్ కాటా పళ్లెం కింద ఓ చిన్న అల్యూమినియం దిమ్మ ఉంటుంది. దాన్నే లోడ్‌సెల్ అంటారు. బరువు పడగానే అది కంటికి ఆననంతగా వంగుతుంది. దానికి అతికించిన నాలుగు స్ట్రెయిన్ గేజ్‌ల రెసిస్టెన్స్ ఆ వంపుకు తగ్గట్టు మారుతుంది. నాలుగింటినీ వీట్‌స్టన్ బ్రిడ్జిగా కలిపి 5 వోల్టులు ఇస్తే, పూర్తి బరువు దగ్గర ఇలాంటి సెన్సర్ ఇచ్చేది సాధారణంగా 10 మిల్లీవోల్టులు. 40 కిలోల కాటాలో కిలోకు 250 మైక్రోవోల్టులు, పది గ్రాములకు రెండున్నర.

ఇక మైక్రోకంట్రోలర్ సంగతి. దాని లోపల వోల్టేజీని అంకెగా మార్చే ఏడీసీ ఉంటుంది. 3.3 వోల్టులను 12 బిట్లుగా కొలిచే ఏడీసీకి ఒక్కో మెట్టు సుమారు 800 మైక్రోవోల్టులు. సెన్సర్‌ను నేరుగా తగిలిస్తే మూడు కిలోల తేడా కూడా దానికి పట్టదు. ఈ రెండింటికీ మధ్య నిలిచేదే ఆప్‌యాంప్ సర్క్యూట్. దాని పనులు మూడు: సిగ్నల్‌ను పెంచడం, వడకట్టడం, హద్దులో ఉంచడం. ఇక్కడ పోయినది తర్వాత ఎంత కోడ్ రాసినా తిరిగి రాదు.

ఈ విద్యకు మూలం 1927లో బెల్ ల్యాబ్స్ ఇంజనీరు హెరాల్డ్ బ్లాక్‌కు తట్టిన ఆలోచన. ఔట్‌పుట్‌లో కొంత భాగాన్ని వెనక్కి తెచ్చి (ఇదే ఫీడ్‌బ్యాక్) ఇన్‌పుట్ నుంచి తీసివేస్తే గెయిన్, అంటే సిగ్నల్‌ను పెంచే రెట్లు, తగ్గుతుంది కానీ, యాంప్లిఫయర్ నిలకడగా పనిచేస్తుంది. ఆపరేషనల్ యాంప్లిఫయర్ (పొట్టిగా ఆప్‌యాంప్) అన్న పేరు 1947లో రగజ్జీని, ఆయన సహచరులు రాసిన పత్రంతో స్థిరపడింది. 1965లో బాబ్ విడ్లర్ 709 ఆప్‌యాంప్ చిప్ చేశాడు. 1968లో డేవ్ ఫుల్లగర్ 30 పికోఫారడ్ల కెపాసిటర్‌ను చిప్ లోపలే అమర్చి 741ని తెచ్చాడు. మన పాలిటెక్నిక్ ల్యాబుల్లో విద్యార్థులు మొదట చేతపట్టే ఆప్‌యాంప్ ఇప్పటికీ తరచుగా అదే.

ఆప్‌యాంప్ సొంత గెయిన్ లక్షల్లో ఉంటుంది. చిప్పుకీ చిప్పుకీ, ఎండకీ చలికీ మారిపోతుంది. ఫీడ్‌బ్యాక్ పెట్టాక మాత్రం గెయిన్‌ను తేల్చేది బయటి రెసిస్టర్ల నిష్పత్తే. మన కాటాకు 300 రెట్లు కావాలి. అప్పుడు 10 మిల్లీవోల్టులు 3 వోల్టులవుతాయి, ఏడీసీ మెట్టు సుమారు 11 గ్రాములకు దిగుతుంది.

లెక్క తేలింది కదా అని చేతికందిన చిప్ పెడితే కుదరదు. చవగ్గా దొరికే ఎల్ఎమ్358 ఆఫ్‌సెట్, అంటే ఇన్‌పుట్ తేడా సున్నా అయినా ఉన్నట్టు చూపే వోల్టేజీ, సుమారు 2 మిల్లీవోల్టులు. మన కాటా మీద అది 8 కిలోలు! కాటాను సున్నాకు తెచ్చే టేర్ బటన్ నొక్కి దాన్ని తీసేయవచ్చు. కానీ అదే చిప్ డిగ్రీకి దాదాపు 7 మైక్రోవోల్టులు జారుతుంది, అంటే 28 గ్రాములు. ఉదయం టేర్ చేసిన కాటా మధ్యాహ్నానికి పది డిగ్రీలు వేడెక్కితే, ఖాళీ పళ్లెమే 280 గ్రాములు తూగుతుంది. అందుకే ఇలాంటి చోట జీరో డ్రిఫ్ట్ ఆప్‌యాంపులు వాడతారు.

ఇంకో చిక్కుంది. బ్రిడ్జి ఔట్‌పుట్ తీగలు రెండూ 2.5 వోల్టుల ఎత్తున ఉంటాయి. మనకు కావలసింది వాటి మధ్య తేడా మాత్రమే. ఒక్క ఆప్‌యాంప్, ఒక శాతం రెసిస్టర్లు నాలుగు పెట్టి తేడా తీస్తే, రెసిస్టర్ల విలువలు ఎదురెదురు దిశల్లో తప్పినప్పుడు 50 మిల్లీవోల్టుల దాకా తప్పు రావచ్చు. అసలు సిగ్నల్ కంటే అది అయిదు రెట్లు. ముందు తేడాను పెంచి, ఆ తర్వాత ఉమ్మడి వోల్టేజీని తీసేసే మూడు ఆప్‌యాంపుల ఇన్‌స్ట్రుమెంటేషన్ యాంప్లిఫయర్ ఇందుకే పుట్టింది.

తర్వాతిది వడపోత. కరెంటు లైన్ల నుంచి 50 హెర్ట్జ్ రొద సెన్సర్ తీగలోకి చేరుతుంది. సెకనుకు 48 సార్లు కొలిస్తే అది 2 హెర్ట్జ్ ఊగిసలాటలా కనిపిస్తుంది. అది రొదో, నిజంగానే పళ్లెం ఊగుతోందో చెప్పడం ఏ సాఫ్ట్‌వేర్ తరమూ కాదు. 1955లో సాలెన్, కీ ప్రచురించిన ఫిల్టర్‌ను 5 హెర్ట్జ్ దగ్గర పెడితే ఆ రొద సుమారు నూరో వంతుకు పడిపోతుంది. మరీ కిందికి దించితే, అంకె కుదురుకునేదాకా గిరాకీ నిలబడాలి.

చివరిది హద్దు. సెన్సర్ తీగ ఒకటి తెగితే బ్రిడ్జి తేడా వోల్టుల్లోకి ఎగబాకుతుంది. ఆప్‌యాంప్‌కు 12 వోల్టుల సప్లై ఉంటే ఔట్‌పుట్ ఆ అంచుదాకా పోయి మైక్రోకంట్రోలర్ పిన్నును కాల్చేస్తుంది. మధ్యలో 10 కిలోఓముల రెసిస్టర్, ఆ తర్వాత 3.3 వోల్టుల లైనుకు ఒకటి, గ్రౌండుకు ఒకటి చొప్పున షాట్కీ డయోడ్లు పెడితే పిన్నుకు రక్షణ. కరెంటు ఒక మిల్లీయాంప్ కూడా దాటదు. అయితే వేడికి డయోడ్ ఒక మైక్రోయాంప్ లీకైనా ఆ రెసిస్టర్ మీద 10 మిల్లీవోల్టుల తప్పు చేరుతుంది. హద్దు కచ్చితంగా ఉండాలంటే డయోడ్‌ను ఫీడ్‌బ్యాక్ దారిలోనే పెట్టాలి. అప్పుడు దాని 0.6 వోల్టుల డ్రాప్ ఆప్‌యాంప్ గెయిన్‌తో భాగించబడి మైక్రోవోల్టులకు కుదించుకుపోతుంది. అన్నిటికన్నా సులువు, రైల్ టు రైల్ ఆప్‌యాంప్‌కు ఏడీసీ సప్లైనే ఇవ్వడం. ఇక అది 3.3 దాటాలన్నా దాటలేదు. పైన 0.3 వోల్టులు ఖాళీ ఉంచాం కనుక, నిండు బరువేదో తెగిన తీగేదో కోడ్ కూడా పట్టేస్తుంది.

ఇప్పుడు హెచ్ఎక్స్711 లాంటి చిప్పులో 128 రెట్ల గెయిన్, 24 బిట్ల ఏడీసీ కలిసే వస్తున్నాయి. సర్క్యూట్ చిప్ లోపలికి వెళ్లిందే తప్ప ఆఫ్‌సెట్, రొద, హద్దుల లెక్కలు ఎక్కడికీ పోలేదు. కనుక ప్రాజెక్టు మొదలెట్టే విద్యార్థులకు ఒక్క మాట. కోడ్ జోలికి వెళ్లకముందే సెన్సర్ ఇచ్చే కనిష్ఠం, గరిష్ఠం, తీగ తెగితే వచ్చే వోల్టేజీ కాగితం మీద రాసుకోండి. ఆ మూడు అంకెలూ తెలియని సర్క్యూట్‌ను నమ్మకండి.