వినత కొడుకు, మార్లిన్ కొడుకు

కోనసీమలో అప్పనపల్లి గుడి పక్కన పారే పాయకు ఋషి పేరు లేదు. గౌతమి, వసిష్ఠ, ఆత్రేయ, భరద్వాజ, కౌశిక అంటూ గోదావరి పాయలు చాలావరకు మునుల పేర్లు మోస్తుంటే, ఇది మాత్రం వైనతేయ. వినత కొడుకు అని అర్థం, అంటే గరుత్మంతుడు. ఒడ్డున వెలసిన దేవుడేమో బాల బాలాజీ. తల్లి పేరుతో పిలిపించుకునే కొడుకు ఒకడు, పసివాడిగా పూజలందుకునే దేవుడు ఇంకొకడు. పిల్లల కథల్లో కుటుంబం గురించి మాట్లాడుకోవడానికి ఇంతకన్న తగిన చోటు దొరకడం కష్టం. ఎందుకంటే పిల్లల యానిమేషన్ సినిమాల ప్రస్తావన రాగానే మనవాళ్లు రెండు మాటలంటారు. ఒకటి, అవి కుటుంబ విలువలు నేర్పాలి. రెండు, విదేశీ బొమ్మల సినిమాలు వాటిని చెడగొడుతున్నాయి. ఈ రెండు మాటల్లోనూ కుటుంబ విలువ అంటే పెద్దలు చెప్పినట్టు వినడమనే అర్థమే దాగి ఉంది. నేను ఒప్పుకోలేనిది అక్కడే. ఈ కళలో గొప్పవనిపించుకున్న సినిమాలు చెప్పేది విధేయత గురించి కాదు. ఇంట్లో ఏదో ఒకటి విరిగాక, ఆ విరిగినదానితో సహా పిల్లవాణ్ని ఇల్లు తనవాడనుకోవడం గురించి. ఆ సంగతి నన్నయ తెలుగు చేసిన ఆదిపర్వంలోని వినత కథకు బాగా తెలుసు. మన యానిమేషనే మరిచిపోయింది.

ఆ కథ గుడ్డుతో మొదలవుతుంది. కశ్యపుడి భార్యలు కద్రువ, వినత. కద్రువకు వేయి గుడ్లు, వినతకు రెండు. అయిదు వందల ఏళ్లకు కద్రువ గుడ్లన్నీ పగిలి పాములు బయటికొచ్చాయి. తన గుడ్లు ఇంకా కదలకపోయేసరికి వినతకు ఉక్రోషం వచ్చింది, ఓర్పు చాలలేదు. ఒక గుడ్డును తానే చిదిపింది. నడుము పైభాగం మాత్రమే ఏర్పడిన బిడ్డ బయటికొచ్చాడు. తొడలు లేనివాడు కనుక అనూరుడు. నీ తొందరకు ఫలితంగా సవతికి దాస్యం చేస్తావని తల్లిని శపించి, రెండో గుడ్డునైనా వేళ వచ్చేదాకా ముట్టుకోవద్దని హెచ్చరించి వెళ్లిపోయాడు. 2003లో వచ్చిన 'ఫైండింగ్ నీమో' చూసినవాళ్లకు ఈ గుడ్డు కొత్త కాదు. అక్కడ బరాకుడా చేప దాడిలో తల్లీ పోతుంది, వందల గుడ్లూ పోతాయి. చివరికి మిగిలిన ఒక్క గుడ్డుకూ దెబ్బ తగులుతుంది. అందులోంచి వచ్చిన నీమోకు ఒక రెక్క చిన్నది. ఒకదాన్ని చూసి రెండోది రాశారని నేననడం లేదు. బిడ్డకు లోపం ఎలా వచ్చింది, ఆ లోపంతో తల్లిదండ్రులు ఎలా బతుకుతారు అన్నది రెండు కథలకూ మూలం. వినత తొందరపడింది. నీమో తండ్రి మార్లిన్ అసలు తొందరపడడు, కొడుకును గడప దాటనివ్వడు. ఇద్దరి తప్పూ ఒకటే. బిడ్డకు తనదంటూ ఒక వేళ ఉంటుందని నమ్మకపోవడం.

'నీమో' చివర్లో దర్శకుడు ఆండ్రూ స్టాంటన్ పెట్టిన పరీక్ష చూడండి. తండ్రి సముద్రమంతా ఈది, మనుషులకు పట్టుబడ్డ కొడుకును చేరుకుంటాడు. కథ అక్కడ ఆగిపోయినా ఎవరూ అడగరు. కానీ దారిలో తోడైన చేప డోరీ జాలర్ల వలలో చిక్కుకుంటుంది. వలలోకి నేను వెళ్తానంటాడు కొడుకు. అప్పటిదాకా వద్దు అన్న మాట తప్ప తెలియని తండ్రి ఒక్క క్షణం ఆగి వదులుతాడు. ఇల్లు మళ్లీ ఇల్లయ్యేది ఆ వదలడంలోనే. ఇది పెద్దలను ధిక్కరించమని చెప్పడం కాదా అని అడగవచ్చు. అడగాల్సిన ప్రశ్నే. చెప్పిన మాట వినకుండా పడవ దగ్గరికి ఈది వెళ్లబట్టే కదా నీమో పట్టుబడింది! కానీ దీనికి జవాబు మన కథలోనే, కద్రువ వైపున ఉంది. తెల్లగుర్రం ఉచ్చైశ్రవం తోక నల్లగా ఉందని వినతతో పందెం కట్టిన కద్రువ, గెలవడానికి తోకకు నల్లగా చుట్టుకోమని కొడుకుల్ని ఆదేశించింది. కాదన్న కొడుకుల్ని సర్పయాగంలో మాడిపొమ్మని కన్నతల్లే శపించింది. కర్కోటకుడు ఆమె చెప్పినట్టు చేశాడు, ఆమె పందెం గెలిచింది, వినత దాసి అయింది. తల్లిమాట విన్న కొడుకు మోసానికి తోకయ్యాడు. తల్లి దాస్యం ఎందుకొచ్చిందని నిలదీసి అడిగిన కొడుకు అమృతం తెచ్చి ఆమెను విడిపించాడు. ఏటికి ఎవరి పేరు పెట్టుకున్నారో కోనసీమవాళ్లకు చెప్పనక్కర్లేదు. పిల్లలకు ప్రహ్లాదుడి కథ పాఠంగా చెప్పే దేశంలో, తెలుగు టాకీ 1932లో 'భక్త ప్రహ్లాద'తోనే మొదలైన చోట, కథలోని పిల్లవాడు తండ్రిని ఎదిరిస్తే సంస్కృతి కూలుతుందని భయపడటం వింతే. ఆ ప్రహ్లాదుణ్ని కాచిన నరసింహుడి గుడి ఉన్న అంతర్వేది కూడా ఈ జిల్లాలోనే, వసిష్ఠ సముద్రంలో కలిసేచోట.

ఇక ఈ కళ పనితనం సంగతి. మామూలు సినిమాలో ఖాళీ కుర్చీ కనిపిస్తే అది అక్కడ ఉండి ఉండవచ్చు, అంతే. యానిమేషన్‌లో ఏదీ ఊరికే ఉండదు. కుర్చీని ఎవరో గీశారు, ఖాళీగా గీయాలని ఎవరో నిర్ణయించారు. లేకపోవడాన్ని కూడా చేత్తో తయారుచేయాల్సిన కళ ఇది. అందుకే వియోగం చెప్పడంలో దానికంత బలం. 2009 నాటి 'అప్'లో కార్ల్, ఎల్లీల దాంపత్యమంతా మాటల్లేకుండా కొద్ది నిమిషాల్లో గడిచిపోతుంది. ఆ తర్వాత ఇంట్లో ఎల్లీ కుర్చీ ఖాళీగా మిగులుతుంది. 2017 నాటి 'కోకో'లో కుటుంబ ఫొటోలో ఒకరి తల చింపేసి ఉంటుంది. కథంతా ఆ చిరుగు కోసం వెతుకులాటే. 2021 నాటి 'ఎన్‌కాంటో'లో ఉమ్మడి కుటుంబమంతా ఫొటోకు నిలబడితే మీరాబెల్ ఒక్కతే ఆ చట్రంలో ఉండదు. ఇంట్లో పుట్టిన మిగతావాళ్లకు వెలిగే తలుపుంది, తనకు లేదు. ఆ ఇల్లు నోరు లేని పాత్ర. గచ్చు పలకలు కదిపి పలకరిస్తుంది, అలిగితే గోడలు బీటలువారతాయి. కోనసీమలో మండువా లోగిళ్లు ఎరిగినవాళ్లకు ఈ ఊహ వెంటనే అందుతుంది. మండువాలో పడ్డ వాన అందరిదీ, కానీ ఏ గది ఎవరిదన్నది పెద్దావిడ చెప్పాలి. 'ఎన్‌కాంటో' అమ్మమ్మ అల్మా సరిగ్గా ఆ పెద్దావిడే. ఇంటిని నిలబెట్టిన మనిషీ ఆమే, బీటలు తెచ్చిన మనిషీ ఆమే. సినిమా ఆమెను దుష్టురాలిని చేయకపోవడం దాని సంస్కారం. 'కోకో' గురించి ఇంకో మాట. పోయినవాళ్ల ఫొటోల ముందు దీపాలు పెట్టి, ఇష్టమైనవి వండి పెట్టే మెక్సికో పండుగను చూసి మనవాళ్లు కన్నీళ్లు పెట్టుకున్నారంటే ఆశ్చర్యం లేదు. కోస్తాలో సంక్రాంతి పెద్దల పండుగే. పెద్దలకు కొత్తబట్టలు పెట్టి దణ్ణం పెట్టుకున్నాకే పిల్లలు కట్టుకునేది.

ఈ పనితనం మనకు కొత్తేమీ కాదనడానికి తోలుబొమ్మలాట సాక్ష్యం. కాకినాడ పక్కన మాధవపట్నంలోనూ, రాయలసీమలో నిమ్మలకుంటలోనూ ఇప్పటికీ బొమ్మలు చేసే చేతులున్నాయి. నిమ్మలకుంట కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. శుభ్రం చేసిన తోలును వెలుగు ప్రసరించేంత పల్చగా చేసి, బొమ్మ కోసి, రంగులద్ది, చేతులు కాళ్లు తల విడివిడిగా దారంతో కుట్టి, వెదురుబద్దల మీద ఆడిస్తారు. ముఖం మారదు. కోపమైనా దుఃఖమైనా కదలికలోంచి, గొంతులోంచి రావాల్సిందే. తెరకు ఆనించి పట్టుకుంటే బొమ్మ గీత గీసినట్టు కనిపిస్తుంది. దీపం వైపు వెనక్కి లాగితే అంచులు కరిగి పెద్దదై మసకబారుతుంది. పక్కనుండటం, దూరమవడం అన్న రెండు భావాలకూ జానెడు కదలిక చాలు. జర్మనీలో లొట్టె రైనిగర్ నల్లకాగితం కత్తిరించి 'ప్రిన్స్ అహ్మద్' కథను 1926లో పూర్తి నిడివి చిత్రంగా తీసింది కూడా ఈ నీడల విద్యతోనే. మనవాళ్ల నీడలకు రంగులు కూడా ఉన్నాయన్నది వేరే సంగతి. తెరముందు రామాయణం నడుస్తుంటే తెరవెనక ఉండేదొక కుటుంబం. భర్త మగపాత్రల గొంతు, భార్య ఆడపాత్రల గొంతు, పిల్లలు తాళం. మధ్యమధ్య హాస్యపాత్రలు బంగారక్క, జుట్టుపోలిగాడు వచ్చి రచ్చరచ్చగా కాపురం తగవు పెట్టుకుంటారు. సీతారాముల వియోగం పక్కనే ఈ మోటు సరసం ఉండటం పొరపాటు కాదు. ఆదర్శ దంపతుల్ని చూసి తలవంచిన జనం, పక్కనే తమ ఇంటిని చూసి నవ్వుకునేవారు.

ఇంత పెట్టుబడి ఉన్న భాషలో తెరమీదికొచ్చిన యానిమేషన్ పిల్లల్ని ఏం చేసింది? 2006లో బి. సత్య తీసిన 'కిట్టు'కు జాతీయ పురస్కారం వచ్చినా ఆ దారి సాగలేదు. హైదరాబాద్‌లో రాజీవ్ చిలక స్థాపించిన గ్రీన్ గోల్డ్ సంస్థ నుంచి 2008లో 'ఛోటా భీమ్' వచ్చింది, దేశంలోని పిల్లలందరికీ భీమ్ సొంతవాడయ్యాడు. అతని జయాన్ని తక్కువ చేయలేం. ఢోలక్‌పూర్ అనే ఊరుంది, తోటి పిల్లలున్నారు, లడ్డులున్నాయి. కానీ భీముడికి లోటు లేదు. లడ్డు తింటే చాలు, ఎవరినైనా విసిరేస్తాడు. ఏ లోటూ లేని పిల్లవాడికి ఇల్లెందుకు? తిరిగి రావడానికి ఒక చోటు కావాలి కనుక ఉంటుంది, అంతే. పురాణంలోని పసివాళ్లను తెచ్చి సూపర్‌మ్యాన్‌లను చేసే ఈ పద్ధతి దేశమంతా పాకింది. అదే సంస్థ 2019లో ఇచ్చిన 'మైటీ లిటిల్ భీమ్' దీనికన్న ఎంతో మెరుగనిపించడానికి కారణమూ ఇదే. మాటలు రాని దోగాడే పసివాడు, చుట్టూ ఊరు, వెనక అమ్మ. బలం ఉన్నా ఆ బలాన్ని ఏం చేయాలో తెలియనితనమే అక్కడ కథ.

విదేశీ సినిమాలను వెనకేసుకు రావడం నా ఉద్దేశం కాదు. వాటిలో ఒక సోమరితనం ఉంది. కథ నడవాలంటే ముందు తల్లినో తండ్రినో చంపేయడం 1942 నాటి 'బాంబీ' నుంచి అలవాటైపోయింది. 'నీమో'లోనూ తల్లి పోయేది మొదటి నిమిషాల్లోనే. వినత కథ ఇంతకన్న కష్టమైన పని చేసింది. తల్లిని బతికుండగానే దూరం చేసింది. ఇంటిపనికి కువైట్, ఖతర్, మస్కట్ వెళ్లిన తల్లులు, అమ్మమ్మల దగ్గర పెరిగే పిల్లలు కోనసీమ ఊళ్లకు తెలియనిదేమీ కాదు. చచ్చిపోయిన అమ్మ కన్నా ఫోన్ తెరలో కనిపించి అందకుండా పోయే అమ్మే వాళ్లకు దగ్గరి కథ. అయితే ఇక్కడే వినత కథతో నాకొక పేచీ ఉంది. తల్లి పొరపాటు అప్పును బిడ్డ రెక్కల మీద మోపుతుంది. గరుడుడు ఎగరగలడు, అమృతం తేగలడు. పదేళ్ల పిల్ల ఏం తేగలదు? పిల్లల సినిమాగా ఎవరైనా దీన్ని తీస్తే ఆ బరువును తల్లీబిడ్డలిద్దరూ పంచుకునేటట్టు మార్చుకోవాలి. పురాణం ఇలాంటి మార్పులకు ఎప్పుడూ ఒప్పుకుంటూనే వచ్చింది.

చివరిగా, అన్నిటికన్న బలమైన అభ్యంతరం. మనవాళ్లు అన్న మాట పుట్టగానే మనవాళ్లు కానివాళ్లు పుడతారు. పిల్లలకు బొమ్మల సినిమాతో ఇదెందుకు నూరిపోయాలి? కోనసీమ జిల్లా పేరు విషయంలో మనవాళ్లెవరన్నది ఎంత మండగలదో 2022 మేలో అమలాపురం చూసింది. కనుక ఈ ప్రశ్నను తేలిగ్గా దాటేయలేం. కానీ గొప్ప యానిమేషన్ చిత్రాలు కుటుంబాన్ని రక్తంతో గీయవు. 2002 నాటి 'లీలో అండ్ స్టిచ్'లో అక్కాచెల్లెళ్ల ఇంటికి వచ్చి చేరేది విధ్వంసం కోసం తయారైన గ్రహాంతర జీవి. 2024 నాటి 'ముఫాసా'లో వరదకు కొట్టుకొచ్చిన సింహం పిల్లను ఒక తల్లి చేరదీస్తుంది, తండ్రి ఒప్పుకోడు. మహేశ్‌బాబు గొంతుతో తెలుగులో వచ్చిన ఆ కథ వింటుంటే నీళ్లలో కొట్టుకొచ్చిన ఇంకో బిడ్డ గుర్తుకు రాక మానడు. నువ్వు కుంతి కొడుకువని కృష్ణుడే చెప్పినా, రాజ్యం చేతికిస్తామన్నా, కర్ణుడు పెంచిన తల్లి రాధను వదల్లేదు. రాధేయుడు. వైనతేయుడు, ఆంజనేయుడు, సౌమిత్రి, ఇప్పుడు రాధేయుడు. తల్లి పేరు పెట్టుకున్న ఈ వరసలో ఒకరు కన్నతల్లిని కాక పెంచిన తల్లిని ఎన్నుకున్నా మన భాష చోటిచ్చింది. సూతుడివని నలుగురిలో గేలిచేసింది కూడా ఆ కథలోనే ఉంది. దాన్ని దాచకుండా చెప్పగలిగితే పిల్లలకు చెప్పదగ్గ కథే.

ఇంతకీ అనూరుడు ఏమయ్యాడు? తొందరపడ్డ చేతిలో సగమే రూపుకట్టిన ఆ బిడ్డ సూర్యుడి రథానికి సారథి అయ్యాడు. ఏడు గుర్రాల పగ్గాలు పట్టడానికి తొడలతో పనిలేదు. వైనతేయ మీద తెల్లవారుతున్నప్పుడు, కొబ్బరితోటల వెనక సూర్యుడికన్న ముందు వచ్చే ఆ ఎరుపు పేరు అరుణుడు, అనూరుడి మరో పేరే. తెలుగు బొమ్మలవాడు ఎవరైనా ఈ కథ గీయడానికి కూర్చుంటే, మొదట గీయాల్సింది గరుడుడి రెక్కల్ని కాదు. చిట్లిన గుడ్డు పక్కన, ఇంకా వెచ్చగా ఉన్న రెండో గుడ్డు మీద, ముట్టుకోబోయి వెనక్కి తీసుకున్న ఒక తల్లి చేతిని.